గుర్తింపునకు సాక్ష్యము: ఆధారు పత్రపరిశీలనపై ఒక సమీక్ష

పల్లెలో ఒక మనిషి తాను ఫలానావాడనని చెప్పుకొన్నచో ఆ మాటకు పత్రమెవ్వరును అడుగరు. ఇంటిపేరు చెప్పినంతనే తాతతండ్రుల వరుసయు, పొలము గట్టును, పిల్లనిచ్చిన ఊరును వినువారి మనస్సునకు తట్టును. అట్టి ఎఱుక లేని ప్రభుత్వము కోట్లకొలది ప్రజలతో నేరుగా వ్యవహరింపబూని, బియ్యము మొదలుకొని పింఛను వఱకు వారి చేతికే అందింపదలచినప్పుడు, ఎదుట నిలిచిన వ్యక్తి ఎవరను ప్రశ్నకు సాక్ష్యము కావలసివచ్చును. ఆ సాక్ష్యమును కాగితములనుండి సేకరించి, శరీరచిహ్నములతో ముడివేసి, 12 అంకెల సంఖ్యగా మార్చిన మహాప్రయత్నము ఆధారు. 2009 జనవరిలో ప్రణాళికా సంఘమునకు అనుబంధముగా విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ ఏర్పడి, నందన్ నీలేకని దానికి ప్రథమాధ్యక్షుడై, 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీ గ్రామమున తొలి సంఖ్యలను పంచిననాటినుండి నేటికి అవి 140 కోట్లు దాటినవి. ఇంతటి భవనము ఏ పునాదిపై నిలిచియున్నది, ఆ పునాదిలోని పత్రములను పరిశీలించు పద్ధతి సత్యమును ఎంతవఱకు పట్టియిచ్చుచున్నది, పొరపాటు దొరలినప్పుడు దాని భారమెవరి తలపై పడుచున్నది అను విచారణ పదునైదేండ్లకు పైబడిన అనుభవము పిమ్మట నైనను జరుగవలసియున్నది.

మొదట ఒక భేదమును గ్రహింపక ఈ చర్చలో అడుగుపెట్టరాదు. ఒక వ్యక్తి ఒక్కడే అని తేల్చుట వేఱు. ఆ వ్యక్తిని గూర్చి వ్రాసికొన్న వివరములు నిజమని తేల్చుట వేఱు. పదివ్రేళ్ల ముద్రలను, రెండు కనుపాపలను, ముఖచిత్రమును అదివఱకు చేరిన వారందఱి చిహ్నములతోడను పోల్చిచూచి, ఈ దేహము మునుపెన్నడును నమోదు కాలేదని యంత్రము చెప్పగలదు. ఆ నిర్ణయము పూర్తిగా దోషరహితము కాకపోయినను, ఇంత జనసంఖ్యలో అట్టి పోలిక సాధ్యమగుట గొప్ప శాస్త్రసాధనయే. కాని ఆ దేహమునకు పెట్టిన పేరు వెంకటమ్మయా వెంకమ్మయా, ఆమె పుట్టినది 1958లోనా 1962లోనా, ఆమె ఉండునది ఈ వీధిలోనా ఆ వీధిలోనా అను విషయములను ఏ కనుపాపయు చెప్పజాలదు. అవన్నియు కాగితమునుండియే రావలెను. కావున డిజిటల్ గుర్తింపు అని మనము పిలుచుచున్న దానిలో యంత్రము ధ్రువపఱచునది స్వల్పభాగము. తక్కినదంతయు పాత దస్తావేజులు, గుమాస్తా చేతివ్రాత, బడిపంతులు అంచనా.

ఆధారు నమోదునకు గుర్తింపు, చిరునామా, పుట్టినతేదీ, కుటుంబసంబంధము అను నాలుగు విధములైన రుజువులను సంస్థ అంగీకరించును. రేషన్ కార్డు, ఓటరు కార్డు, పాస్‌పోర్టు, పాన్ కార్డు మొదలగునవి ఆ పట్టికలోనివి. ఇందొక చక్రము కనబడును. రేషన్ కార్డును చూపి ఆధారు పొందినవాడే మరుసటి యేట ఆధారును చూపి రేషన్ కార్డును నిలుపుకొనవలసివచ్చెను. ఓటరు కార్డులోని అక్షరదోషము ఆధారులోనికి దిగి, అక్కడినుండి బ్యాంకు ఖాతాలోనికిని ఉపాధిహామీ జాబుకార్డులోనికిని ప్రవహించెను. ఒకదానికొకటి సాక్ష్యమిచ్చుకొను ఈ పత్రములన్నింటికిని మూలమెక్కడ అని వెదకిన, పెక్కుమందికి అది ఏనాడో ఇంటి ముంగిట నిలిచి పేర్లు వ్రాసికొన్న ఒక సర్వే గుమాస్తా పుస్తకము మాత్రమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములో ఆధారునకు ముందే రేషన్ కార్డులకై కనుపాపల చిత్రములు తీసియుండిరి. ఒకే వ్యక్తి రెండు కార్డులు పొందకుండుటకు అది కొంత ఉపకరించియుండును గాని, కార్డుపై పేరు సరిగా ఉన్నదా అను ప్రశ్న అప్పుడును అట్లే మిగిలినది.

ఏ పత్రమును లేనివారికొఱకే ఈ పథకము పుట్టినదని ఆరంభమున చాటిరి. వారికొఱకు పరిచయకర్త అను ఏర్పాటు చేసిరి. ఊరిలో విశ్వాసపాత్రుడైన ఒకడు, తాను ముందే నమోదై, ఈ మనిషిని నేనెఱుగుదునని సంతకము చేసిన చాలును. పల్లెల ఎఱుకను ప్రభుత్వ సాక్ష్యముగా మన్నించిన ఈ ఆలోచన నా దృష్టిలో ఈ వ్యవస్థ మొత్తమునకు ఉదాత్తమైన భాగము. అయితే అది ఆచరణలో ఎండిపోయెను. సమాచారహక్కు చట్టము క్రింద 2015లో వెలువడిన సమాధానము ప్రకారము, నాటికి నమోదైన 83.5 కోట్ల మందిలో పరిచయకర్త ద్వారా వచ్చినవారు సుమారు 2.19 లక్షలు మాత్రమే. అనగా ఏ గుర్తింపును లేనివారికి గుర్తింపునిచ్చుటకై ఏర్పడిన వ్యవస్థ, అదివఱకే కాగితములు గలవారికి మఱియొక కాగితమును అధికముగా ఇచ్చెను.

పుట్టినతేదీ సంగతి ఇంకను చిక్కైనది. జననమరణముల నమోదు చట్టము 1969 నాటిది. దానికి ముందు పుట్టినవారికే గాక, తరువాత చిరకాలమువఱకు ఇంటివద్ద మంత్రసాని చేతిలో పుట్టిన వేలకొలది బిడ్డలకును జననధ్రువపత్రము లేదు. బడిలో చేర్చుకొను పంతులు, వయస్సు నిండినట్లు కనబడుటకై జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేసి రిజిస్టరు పూర్తిచేసెను. ఆ తేదీయే పదవతరగతి సర్టిఫికెట్టులో స్థిరపడి, ఉద్యోగమునకును పదవీవిరమణకును ప్రమాణమయ్యెను. బడిముఖమే చూడని తల్లులు గోదావరి పుష్కరములకో, దివిసీమ ఉప్పెనకో ముడిపెట్టి తమ వయస్సును చెప్పుకొనిరి. ఇట్టి వారిని దృష్టిలో నుంచుకొని ఆధారు సంస్థ పుట్టినతేదీని పత్రముతో రుజువైనది, వ్యక్తి స్వయముగా చెప్పినది, అంచనా వేసినది అని మూడు తెగలుగా విభజించి నమోదుచేసినది. ఇది నిజాయితీగల పద్ధతియే. కాని కార్డును చూచు గుమాస్తా ఆ తెగభేదమును ఎన్నడును ఎఱుగడు. ముద్రితమైన అంకె ముద్రితమైన అంకెయే. అంచనా వేసిన సంవత్సరము సైతము వృద్ధాప్య పింఛను దరఖాస్తునొద్దకు వచ్చుసరికి వేదవాక్యమై కూర్చుండును.

ఈ విషయమున న్యాయస్థానము వివేకముతో వ్యవహరించెను. రోడ్డు ప్రమాదములో మరణించిన వ్యక్తి వయస్సును నిర్ణయింపవలసివచ్చిన ఒక పరిహారపు వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 24న తీర్పిచ్చుచు, ఆధారు గుర్తింపునకు రుజువే గాని జన్మదినమునకు రుజువు కాదనియు, బడి ధ్రువపత్రమే గ్రాహ్యమనియు నిశ్చయించెను. దానికి ముందే ప్రాధికార సంస్థ 2023 డిసెంబరులో ఇదే భావమును ప్రకటింపగా, ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ 2024 జనవరిలో జన్మదిన రుజువుల పట్టికనుండి ఆధారును తొలగించెను. 2023లో సవరింపబడిన జననమరణ నమోదు చట్టము, ఆ యేడు అక్టోబరు 1న గాని తరువాత గాని పుట్టిన శిశువులకు జననధ్రువపత్రమునే జన్మదినమునకు ఏకైక ప్రమాణము చేసినది. మూలమునకు పోయి సరిచేయు పని ఇది. ఫలము కనబడుటకు ఒక తరము పట్టును. ఈలోపల, అదివఱకే పుట్టిపెరిగిన నూఱు కోట్లకు పైబడిన జనులు పాత తేదీలతోడనే జీవింపవలెను.

పేరు విషయమున తెలుగువారి కష్టము ప్రత్యేకముగా చెప్పదగినది. మన పేరులో ఇంటిపేరు ముందు వచ్చును. పత్రములలో అది ఒక్క అక్షరమునకు కుదించుకొనిపోవును. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరునకు ఒక గడి, సొంతపేరునకు ఒక గడి. పాన్ కార్డున ఒక విధము. ఆధారున అన్నియు కలిపి ఒకే వరుస. ఒకచోట పొడి అక్షరమును, ఒకచోట పూర్తి ఇంటిపేరును, మఱియొకచోట అది చివరను పడినచో యంత్రమునకు వారు ముగ్గురు మనుష్యులు. మూడు సంతకములును ఒకే చేతివని ఊరంతయు ఎఱుగును గాని ఆ ఎఱుక కంప్యూటరునకు చేరదు. లక్ష్మి అను పేరును ఆంగ్లలిపిలో ఒకరు ‘కెఎస్‌హెచ్’ అని, ఒకరు ‘ఎక్స్’ అని వ్రాయుదురు. వెంకటేశ్వర్లు అను పేరునకు ఎన్ని వర్ణక్రమములు కలవో లెక్కింపనలవి గాదు. ఆధారున ముద్రితమగు తెలుగు పేరు సైతము తరచుగా ఆంగ్లమున కొట్టినదానినుండి యంత్రము మార్చియిచ్చినదే. ఆపరేటరు సరిచూడనినాడు రమణ రమనయై, కళావతి కలావతియై, సొంతభాషలోనే మన పేరు మనకు పరాయిదగును. పెండ్లియైన స్త్రీకి ఇంటిపేరు మాఱును. పుట్టినింటి పేరుతో పదవతరగతి పత్రము, మెట్టినింటి పేరుతో రేషన్ కార్డు, భర్త చనిపోయిన పిమ్మట వితంతు పింఛనునకు ఆ రెంటికిని పొంతన చూపుమనెడి ఆజ్ఞ. ఆధారున పేరును రెండుమాఱులు, పుట్టినతేదీని ఒకమాఱు మాత్రమే సవరించుకొనవచ్చునను నియమము మోసగాండ్రను నిలువరించుటకు ఏర్పడినదే అయినను, సవరణలోనే ఆపరేటరు మఱియొక తప్పు కొట్టినచో ఆ అవకాశము ఖర్చైపోవునది నిరపరాధికే.

కరీంనగర్, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫ్ దేశములకు పోయినవారికిని, కడప, గోదావరి జిల్లాలనుండి కువైట్‌నకు వెళ్లిన స్త్రీలకును ఈ పొంతనలేమి మఱింత ప్రాణసంకటము. వారి జీతము, వీసా, తిరుగు ప్రయాణము అన్నియు పాస్‌పోర్టులోని వర్ణక్రమముపైననే ఆధారపడియుండును. ఆధారు పొందుటలోను వారికి మొదట అడ్డంకి ఉండెను: చట్టము ప్రకారము గడచిన పండ్రెండు మాసములలో 182 దినములు దేశమున నివసించినవారికే ఆధారు లభించును. భారత పాస్‌పోర్టు గల ప్రవాసులకు ఆ గడువు అక్కఱలేదని 2019లో సడలించిరి.

ఇక పరిశీలనను జరుపు మనుష్యుల సంగతి. తొలినాళ్లలో నమోదు పనిని ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించి, నమోదైన తలకు ఇంత అని చెల్లించుచుండుటచే వేగము పెరిగెను, జాగ్రత్త తగ్గెను. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2022లో పార్లమెంటు ముందుంచిన నివేదికలో, 2019 నవంబరు నాటికి 4.75 లక్షలకు పైగా సంఖ్యలు ద్వంద్వములని రద్దు చేయబడినవనియు, 182 దినముల నివాసమును ధ్రువపఱచుటకు నిర్దిష్టమైన పత్రమునేదియు నిర్ణయింపలేదనియు ఎత్తిచూపెను. అంతకంటె ఆలోచింపదగిన మాట ఒకటి ఆ నివేదికలో కలదు: 2018-19లో వేలిముద్రలు, కనుపాపలు మొదలగునవానిని తిరిగి నమోదుచేయించుకొన్నవారిలో నూటికి 73 మంది, మొదట తీసినవి సరిగా లేనందున, రుసుము చెల్లించి స్వయముగా వచ్చినవారు. తప్పు తీసికొన్న చేతిదై, మూల్యము ఇచ్చిన చేతిదైనది.

పరిశీలనలోని అనిశ్చయము ఎంత దూరము పోగలదో హైదరాబాదు 2020 ఫిబ్రవరిలో చూచెను. తప్పుడు పత్రములతో ఆధారు పొందిరని పోలీసు నివేదిక వచ్చినదని చెప్పి, సంస్థ ప్రాంతీయ కార్యాలయము 127 మందికి నోటీసులు పంపెను. పౌరసత్వమును రుజువు చేయుడను మాట వానిలో ఉండుటచే కలవరము చెలరేగగా, ఆధారునకు పౌరసత్వముతో సంబంధము లేదని సంస్థయే వివరణనీయవలసివచ్చెను. 2016 నాటి ఆధారు చట్టము తొమ్మిదవ సెక్షనున ఆ మాట స్పష్టముగానే కలదు. అయినను కార్డు చేతనున్న సామాన్యునకు అది దేశముతో తన బంధమునకు చిహ్నమని తోచుచునేయున్నది. బీహారు ఓటర్ల జాబితా సవరణలో ఈ ప్రశ్నయే తిరిగి తలయెత్తగా, సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 8న ఆధారును 12వ పత్రముగా స్వీకరింపుడనియు, అది గుర్తింపునకే గాని పౌరసత్వమునకు రుజువు కాదనియు ఆదేశించెను.

నమోదు ముగిసిన తరువాత ప్రతినెలయు జరుగు నిర్ధారణ యొకటి కలదు. రేషన్ దుకాణమున, పింఛను వద్ద, వ్రేలు మోపి నేనే అని చెప్పుకొనుట. దీని ఫలితములను పరీక్షించిన శాస్త్రీయ పరిశోధనలలో ప్రధానమైనది మన నేలపైననే జరిగెను. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అను ఆర్థికశాస్త్రవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 8 జిల్లాలలో, సుమారు 1.9 కోట్ల జనాభా గల 157 మండలములలో, వేలిముద్రల స్మార్టుకార్డుల పథకమును యాదృచ్ఛిక క్రమమున ప్రవేశపెట్టించి, ఉపాధిహామీ కూలి, సామాజిక పింఛనుల చెల్లింపులను పరిశీలించిరి. కూలి త్వరగా చేతికందెను, దారిలో మాయమగు సొమ్ము సుమారు నూటికి 41 వంతులు తగ్గెను, లబ్ధిదారులలో అత్యధికులు పాతపద్ధతికంటె దీనినే మెచ్చుకొనిరి. అదే పరిశోధకులు పిమ్మట ఝార్ఖండులో ఆధారుతో రేషను సరఫరాను పరీక్షింపగా వేఱు చిత్రము కనబడెను: ఆధారుతో ముడిపడని కార్డులు గలవారి లబ్ధి సగటున నూటికి పదివంతులు తగ్గి, వారిలో నూటికి 2.8 మందికి ఒక్క గింజయు దక్కకపోయెను.

ఒకే శాస్త్రము, ఒకే వేలిముద్ర, ఇట్లు భిన్నఫలములిచ్చుటకు కారణమేమి? నాకు తోచిన సమాధానము ఆ పరిశోధనలలోనే కలదు. ఆంధ్రప్రదేశ్‌లో కార్డు లేనివారికి, వేలిముద్ర పడనివారికి పాతపద్ధతిలో చెల్లింపు ఆగలేదు. చెల్లింపులలో ఇంచుమించు సగము మాత్రమే వేలిముద్రతో జరిగెను. ఝార్ఖండులో యంత్రము కాదన్నచో తలుపు మూసివేసిరి. 2017లో ఆ రాష్ట్రపు సిమ్‌డేగా జిల్లాలో, ఆధారుతో ముడిపడలేదని కార్డు రద్దైన కుటుంబమున పదునొకండేండ్ల బాలిక మరణించెను. మరణకారణమును గూర్చి ప్రభుత్వము వాదించినను, ఆ ఇంటికి నెలలతరబడి బియ్యము రాలేదను సంగతి ఏ వాదమునకును లొంగదు. బీడీలు చుట్టి చుట్టి గీతలరిగిన నిజామాబాదు స్త్రీల వ్రేళ్లను, మిరపకోతలలో తోలు లేచిన గుంటూరు కూలీల వ్రేళ్లను యంత్రము గుర్తింపకున్నచో అపరాధము వ్రేళ్లది కాదు. ఆంధ్రప్రదేశ్ రేషన్ దుకాణములలో అట్టివారికొఱకు గ్రామ రెవిన్యూ అధికారి తన వేలిముద్ర వేసి సరకు ఇప్పించు పద్ధతిని పెట్టిరి. తెలంగాణలో పింఛనుదారులు ముఖచిత్రముతో జీవన ప్రమాణము నిచ్చు సౌకర్యమును కల్పించిరి. పరిచయకర్త అను ఆదర్శము ఈ విధముగా పెరటిదారిని తిరిగివచ్చినదని నేను భావించుచున్నాను. మనుష్యుడు మనుష్యునకు సాక్ష్యమిచ్చుట యంత్రమునకు అవమానము కాదు.

మోసము లేదనుట మాత్రము అసత్యము. 2018లో పెద్దపల్లి జిల్లాలో వెలుగుచూచిన నేరము ఈ రంగమున పనిచేయువారందఱును జ్ఞాపకముంచుకొనదగినది. భూముల దస్తావేజులపై వేసిన వేలిముద్రలు రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులో అందఱికిని కనబడుచుండగా, సిమ్ కార్డుల వ్యాపారి యొకడు వానినుండి కృత్రిమముద్రలను పోతపోసి, ఆధారు నిర్ధారణను దాటించి, వేలకొలది సిమ్ కార్డులను క్రియాశీలము చేసెను. రహస్యపదమును మార్చుకొనవచ్చును, వ్రేలిని మార్చుకొనలేము. అటువంటి ముద్రలతోడనే బ్యాంకు ఖాతాలనుండి సొమ్ము లాగిన నేరములు తరువాతను పెక్కు బయటపడినవి. సజీవమైన వ్రేలినే గుర్తించు పరీక్షను సంస్థ 2023లో ప్రవేశపెట్టినది.

దీనికంటె నిత్యమైన ప్రమాదము జిరాక్సు. హోటలు గదికి, సిమ్ కార్డునకు, అద్దె యింటికి, పెండ్లి మండపమునకు సైతము ఆధారు నకలు అడుగుట మనకలవాటైనది. 2022 మే 27న సంస్థ బెంగుళూరు కార్యాలయము నకళ్లను ఎవరికిబడిన వారికి ఇయ్యవద్దని హెచ్చరించి, రెండు దినములలో ఆ హెచ్చరికను ఉపసంహరించెను. చెప్పినది మంచిమాటయే, వెనుకకు తీసికొనుట విచారకరము. నకలు పరిశీలన కానేకాదు. కార్డుపైని క్యూఆర్ చిహ్నములో సంస్థ డిజిటల్ సంతకము నిక్షిప్తమై యున్నది. దానిని ఫోనుతో చదివినచో కార్డు అసలుదో కాదో క్షణములో తేలును. పూర్తి సంఖ్యకు మాఱుగా చివరి నాలుగంకెలు మాత్రము కనబడు కార్డు కలదు, 16 అంకెల మాఱుసంఖ్య కలదు, 2015లో ఆరంభమైన డిజిలాకరున మూలసంస్థయే జారీచేసిన పదవతరగతి ధ్రువపత్రము కలదు. ఇన్ని సాధనములుండియు జిరాక్సు కాగితము దొంతరలే పరిశీలనగా చెల్లుబాటగుచున్నవనిన, లోపము విజ్ఞానమున లేదు, అభ్యాసమున ఉన్నది.

న్యాయవివాదముల చరిత్రను క్లుప్తముగా చెప్పి విడుతును. తొలి బిల్లును 2011 డిసెంబరులో యశ్వంత్ సిన్హా అధ్యక్షతగల పార్లమెంటరీ సంఘము తిరస్కరించెను. 2016లో మఱియొక బిల్లు ద్రవ్యబిల్లుగా చట్టమాయెను. విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకాంతహక్కు ప్రాథమిక హక్కని నిర్ణయించిరి. 2018 సెప్టెంబరు 26న నలుగురు న్యాయమూర్తులు చట్టమును నిలిపి, ప్రైవేటు సంస్థల వినియోగమునకు దారితీసిన భాగమును కొట్టివేయగా, జస్టిస్ చంద్రచూడ్ ఒక్కడు భిన్నముగా తీర్పువ్రాసెను. ఆ భిన్నాభిప్రాయమును ఆధారముగా గొని జమైకా న్యాయస్థానము 2019లో తమ దేశపు గుర్తింపు చట్టమును కొట్టివేయుట విశేషము.

ఇతర దేశముల అనుభవము కొంత వెలుగునిచ్చును. ఎస్తోనియా 2002నుండి గుర్తింపు కార్డులిచ్చుచు విజయమును సాధించెననగా, దాని వెనుక చక్కని జనాభా రిజిస్టరు ఉండుటయే ప్రధానకారణము. అక్కడను 2017లో చిప్పులోని లోపముచే సుమారు 7.6 లక్షల కార్డుల ధ్రువీకరణలను నిలుపవలసివచ్చెను. బ్రిటనులో 2016లో ప్రారంభమైన ‘వెరిఫై’ వ్యవస్థలో నూటికి 90 మంది పరిశీలనలో నెగ్గుదురని తలపగా, 2019 నాటి లెక్కలలో నెగ్గినవారు 48 మందే. 2023లో దానిని మూసివేసిరి. పత్రములు పుష్కలముగా గల సంపన్నదేశమున సగము మందిని యంత్రము నమ్మలేదనినచో, పేదల కాగితములలో తేడాలు కనబడినంత మాత్రమున వారిని శంకించుట ఎంత అన్యాయమో ఊహింపవచ్చును. కెన్యాలో నూబియన్ జాతివారు తరములుగా గుర్తింపు కార్డునకే ప్రత్యేక విచారణలను ఎదుర్కొనుచుండగా, ‘హుదుమా నంబా’ అను కొత్త గుర్తింపు పథకము ఆ వివక్షను డిజిటల్ రూపమున స్థిరపఱచునని న్యాయస్థానమునకెక్కిరి; 2020 జనవరిలో న్యాయస్థానము తగిన రక్షణచట్టము ఏర్పడునంతవఱకు దానిని ఆపెను.

వీనినన్నింటిని కలిపి చూచినప్పుడు నా నిశ్చయమిది: ప్రభుత్వపు రెండు పత్రములు పరస్పరము విభేదించినప్పుడు, ఆ విభేదమును పరిష్కరించు బాధ్యత ఆ పత్రములను జారీచేసిన ప్రభుత్వముదే గాని, వానిని పట్టుకొని వరుసలో నిలిచిన మనిషిది కాదు. నేడు జరుగుచున్నది దీనికి విపరీతము. 2022 నవంబరునాటి నియమసవరణము పదేండ్లకొకసారి పత్రములను తాజాపఱచుకొనుడని ప్రజలకు చెప్పుచున్నది; 2025 అక్టోబరునుండి పేరు, చిరునామా వంటి వివరముల సవరణకు కేంద్రమున 75 రూపాయలు, వేలిముద్రలు మున్నగువానికి 125 రూపాయలు. కూలివానికి రుసుముకంటె పోయిన దినపు కూలి ఎక్కువ. మొబైలు నంబరు మాఱినచో ఓటీపీ రాదు, ఓటీపీ రానిచో ఇంటినుండి ఆన్‌లైనులో సవరణ లేదు.

దీనిని సరిచేయుటకు తగిన యంత్రాంగము మనకు ఇప్పటికే కలదు. గ్రామసచివాలయములు ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2నుండి పనిచేయుచున్నవి. రెండు రాష్ట్రములలోను మీసేవ కేంద్రములు మండలమండలమున కలవు. పదవతరగతి పత్రము, రేషన్ కార్డు, ఆధారు ఈ మూటిలో పేరు ఒక అక్షరమునకో ఇంటిపేరు స్థానమునకో భేదించినచో, ఇరుగుపొరుగువారిని విచారించి ఇవి ఒక్కరివేయని కారణములతో వ్రాసియిచ్చు అధికారమును తహసీల్దారునకో సచివాలయ ఉద్యోగికో కల్పించి, ఆ వ్రాతను సంస్థ రుజువుగా స్వీకరింపవలెను. ఆపరేటరు తెలుగున ముద్రితమైన వివరములను దరఖాస్తుదారునకు చదివి వినిపించి, వారు ఔనన్న తరువాతనే పంపవలెను. చదువురాని తల్లి తెరపైని ఆంగ్లమును చూచి తల ఊపుట అంగీకారము కాదు. సవరణ నడచుచున్నంతకాలము బియ్యముగాని పింఛనుగాని నిలుపరాదు. లోపము నమోదుచేసినవారిదని తేలినచో రుసుము వసూలు చేయరాదు, రెండు సవరణల పరిమితిలో దానిని లెక్కింపరాదు. తిరస్కరించినచో ఏ పత్రమున ఏ అక్షరము తగులలేదో తెలుగున వ్రాసి, ఎవరికి విన్నవించుకొనవలెనో క్రింద చేర్చి, ఆ కాగితమును వారి చేతికీయవలెను.